స్థపతి ధర్మం : పద్మభూషణ్ గణపతి స్థపతిగారి శిల్పజీవితం



మన స్వామివారి ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో స్థలపురాణము, శాసన పాఠములు, దాతల నామావళి, వ్యయ వివరములు తక్కిన పుటలలో మీకు లభించగలవు. ఈ పుటలలో నేను వేరొక విషయం వ్రాయదలచినాను. మాఘమాసంలో జరుగవలసిన కుంభాభిషేకం వైశాఖానికి ఎందుకు వాయిదా పడినదని మీలో చాలామంది నన్ను అడిగారు. దూర దేశాల నుండి రావడానికి టిక్కెట్లు కొనుక్కొని నష్టపోయినవారు నొచ్చుకున్నారు కూడా. వారి బాధ న్యాయమైనదే. కారణం గర్భాలయ ద్వారబంధం. ఆ సంగతి కడపట మనవి చేస్తాను. అది మీకు సబబుగా తోచవలెనంటే ముందుగా ఒక మహాశిల్పి చరిత్ర మీరు వినాలి. మన స్థపతిగారు మహాబలిపురం శిల్ప కళాశాలలో చదివినవారు. ఆ కళాశాలకు దాదాపు ఇరవై ఏడేళ్ళు సారథ్యం వహించిన వి. గణపతి స్థపతిగారే ఆ మహాశిల్పి.

మొదట ఒక పొరపాటు సవరించాలి. హైదరాబాదు హుస్సేన్ సాగరంలోని బుద్ధ విగ్రహాన్ని చెక్కించినవారు ఈయనే అని మనవారిలో చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ విగ్రహ శిల్పి ఎస్.ఎం. గణపతి స్థపతిగారు. పేరు ఒకటే గాని మనుషులు వేరు. ఇద్దరూ పూజ్యులే. నేను వ్రాస్తున్నది కన్యాకుమారిలో తిరువళ్ళువర్ విగ్రహాన్ని నిలబెట్టిన వైద్యనాథ స్థపతి కుమారుడైన గణపతి స్థపతిగారిని గురించి.

ఆయన 1927లో తమిళదేశంలో కారైక్కుడి సమీపాన ఉన్న పిళ్ళైయార్‌పట్టిలో విశ్వకర్మ కుటుంబంలో జన్మించారు. కొండ తొలిచిన గుహలో వినాయకస్వామి వెలసిన క్షేత్రమది. అందుకే ఆ పేరు పెట్టి ఉంటారు. తండ్రి వైద్యనాథ స్థపతిగారు ఆ కాలంలో పేరెన్నికగన్న శిల్పాచార్యులు. తమ వంశం తంజావూరు బృహదీశ్వరాలయాన్ని నిర్మించిన స్థపతుల పరంపరలోనిదని ఆ కుటుంబం వారి విశ్వాసం. 1010లో పూర్తి అయిన ఆ ఆలయ శాసనాలలో రాజు పేరు, దాతల పేర్లతో పాటు కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్ అని శిల్పాచార్యుని పేరు కూడా ఉన్నది. ఇది అరుదైన గౌరవం. మన పాలంపేటలో 1213 నాటి శాసనం రేచర్ల రుద్రుని పేరు చెబుతుంది. శిల్పి పేరు మాత్రం లోకుల నోటనే నిలిచి, రామప్ప గుడి అన్న వాడుకలో మిగిలినది. ఇట్లు పేరు లేక పోయిన శిల్పులు మన దేశంలో ఎందరో!

గణపతి స్థపతిగారు కులవిద్యను తండ్రి వద్ద నేర్చుకుంటూనే ఆంగ్ల విద్యలో గణితశాస్త్రం చదివి పట్టభద్రులయ్యారు. ఈ గణితం ఆయన జీవితాన్ని నిర్ణయించినదని నా అభిప్రాయం. తరువాత పళని సుబ్రహ్మణ్యస్వామి దేవస్థానంలో స్థపతిగా పనిచేశారు. అక్కడికి ప్రభుత్వం 1957లో మహాబలిపురంలో శిల్ప కళాశాలను నెలకొల్పి వైద్యనాథ స్థపతిగారిని దానికి అధిపతిగా నియమించి ఉన్నది. తండ్రి అనంతరం 1961లో ఆ బాధ్యత కుమారునికి సంక్రమించినది. 1988లో పదవీ విరమణ చేసేవరకు ఆయన ఆ స్థానంలోనే ఉన్నారు.

పాఠకులారా! ఒక్క క్షణం ఇక్కడ ఆగండి. కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉండడంలో గొప్ప ఏమున్నదని మీకు తోచవచ్చు. నేను వేదపాఠశాలలో పన్నెండేళ్ళు గడిపినవాడిని గనుక నాకది గొప్పగానే తోస్తుంది. శిల్పవిద్య అంతవరకు తండ్రి నుండి కొడుక్కు, మామ నుండి అల్లుడికి నడిచిన విద్య. తాటాకుల మీద ఉన్న శాస్త్రం ఒకరికి కంఠస్థం, చేతిపని మరొకరికి అలవాటు. రెండూ ఒకచోట లేని ఇళ్ళే ఎక్కువ. కరవులొచ్చి, గుడుల నిర్మాణం నిలిచిపోయి, సిమెంటు వచ్చి, ఎందరో శిల్పులు ఉలి కింద పెట్టి వేరే బతుకుతెరువు చూసుకున్నారు. ఒక తరం తప్పితే వేదశాఖ ఎట్లా లుప్తమవుతుందో శిల్పశాఖ కూడా అట్లే లుప్తమవుతుంది. అటువంటి సమయంలో ఆ విద్యకు పాఠ్యక్రమం, తరగతులు, పరీక్షలు, పట్టా ఏర్పడి, శిల్పుల ఇంట పుట్టనివాడు కూడా వచ్చి నేర్చుకొనే వీలు కలిగినది. ఉదయం గీత, తరువాత శాస్త్రపాఠం, ఆపైన రాతిపని అని మన స్థపతిగారు తమ విద్యార్థి దశను వర్ణిస్తూంటే నాకు మా పాఠశాల సంత గుర్తుకు వచ్చింది. మన తిరుపతిలో దేవస్థానం వారు నడుపుచున్న శిల్ప విద్యాసంస్థ కూడా ఇదే ధర్మాన్ని నిర్వహిస్తున్నది.

ఇక ఆయన సిద్ధాంతం. దీనిని అర్థం చేసుకోవాలంటే మయమతం చెప్పిన నలుగురు పనివారిని తెలుసుకోవాలి. స్థపతి సర్వానికీ ఆచార్యుడు. సూత్రగ్రాహి తాడు పట్టి కొలతలు నిర్ణయించేవాడు. తక్షకుడు రాతిని, కొయ్యను చెక్కేవాడు. వర్ధకి చెక్కిన భాగాలను కూర్చి నిలబెట్టేవాడు. చెక్కేవాడి కంటె ముందు కొలిచేవాడిని చెప్పడంలోనే శాస్త్ర హృదయం ఉన్నది. గణపతి స్థపతిగారు జీవితమంతా బోధించినది కూడా ఇదే. ఆలయానికి అందం అలంకారం వలన వచ్చేది కాదు, మానం వలన వచ్చేది. పరమాణువులు ఎనిమిది ఒక రథధూళి, రథధూళులు ఎనిమిది ఒక వాలాగ్రం, అక్కడి నుండి లిక్ష, యూక, యవ, ఎనిమిది యవలు ఒక అంగుళం. అంటే ఒక అంగుళంలో 2,62,144 పరమాణువులు. ఇరవై నాలుగు అంగుళాలు ఒక హస్తం. ఇది నేటి ఇంచీ కాదు, శాస్త్రంలోని అంగుళం అని గమనించ ప్రార్థన.

కంటికి కనబడని పరమాణువు నుండి విమాన శిఖరం వరకు ఒకే ఎనిమిది గుణకంగా పెరగడం కేవలం లెక్క కాదని ఆయన అనేవారు. మన హృదయంలోని దహరాకాశమూ, బయటి మహాకాశమూ ఒకటే. ఆ ఆకాశం స్పందిస్తుంది. స్పందనకు కొలత కాలం. ఆ కాలపు కొలతే దేశంలో పొడవు, వెడల్పు, ఎత్తు అయినప్పుడు రూపం పుడుతుంది. కవిత్వంలో ఛందస్సు, సంగీతంలో తాళం, నృత్యంలో లయ ఎటువంటివో శిల్పంలో మానం అటువంటిది. ఎనిమిదెనిమిదులు అరువది నాలుగు పదాల మండూక మండలం ఈ స్పందనకు గీచిన చిత్రమని ఆయన భావన. ఆయము, వ్యయము, యోని మొదలైన ఆయాది గణితాన్ని మనం శుభాశుభాలు చూచే జ్యోతిషంగా మాత్రమే ఎరుగుదుము. ఆయన దానిని శ్రుతి సరిచూచుకోవడంగా బోధించారు. వీణకు తీగ బిగించినట్లు కట్టడానికి కొలత బిగించడమన్నమాట.

నేను శిల్పిని కాను. అయినా ఈ మాట చదివినప్పుడు నాకు తైత్తిరీయ సంహితలోని త్వష్ట కథ స్ఫురించినది. త్వష్ట దేవశిల్పి. ఇంద్రుని చంపగల కొడుకు కావాలని హోమం చేశాడు. మంత్రంలో మాట తప్పలేదు, స్వరం తప్పినది. ఇంద్రుని చంపేవాడు అనవలసిన చోట ఇంద్రుని చేత చచ్చేవాడు అన్న అర్థం వచ్చి, పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే హతుడయ్యాడు. శిల్పులకు మూలపురుషుడైనవాడే స్వరపు కొలత తప్పి నష్టపోయినాడని వేదం చెప్పడం చిత్రం కాదా!

ఆయన నిర్మాణాలలో పూంపుహార్‌లోని శిలప్పదికార కళాభవనము, చెన్నైలో 1976లో ప్రారంభమైన వళ్ళువర్ కోట్టం ప్రసిద్ధమైనవి. రెండవదానిలో తిరువారూరు రథాన్ని పోలిన రాతిరథం, 1330 కురళ్ పద్యాలు చెక్కిన రాతిపలకలు ఉన్నవి. విదేశాలలోని అనేక హిందూ దేవాలయాలకు కూడా ఆయన రూపకల్పన చేశారు. అన్నిటినీ వివరించుటకు స్థలం చాలదు. రెండింటిని గురించి మాత్రం వ్రాస్తాను.

మొదటిది కన్యాకుమారి. వివేకానంద స్మారకం పక్కనున్న చిన్న బండమీద తిరువళ్ళువర్ విగ్రహానికి 1979లో పునాదిరాయి పడినది. పని మాత్రం 1990లో గాని సాగలేదు. విగ్రహావిష్కరణ 2000 జనవరి 1న జరిగినది. మొత్తం ఎత్తు 133 అడుగులు, ఎందుకనగా తిరుక్కురళ్‌లో అధ్యాయాలు 133. పీఠం 38 అడుగులు, ధర్మాన్ని చెప్పే అధ్యాయాలు 38. పీఠం మీది మూర్తి 95 అడుగులు, అర్థకామాలను చెప్పే అధ్యాయాలు 70, 25 కలిపి 95. ధర్మమనే పీఠం మీద అర్థకామాలు నిలబడాలని ఒక్క అక్షరం వ్రాయకుండా కొలతతోనే చెప్పారు. బరువు సుమారు 7,000 టన్నులు. ఒడ్డున చెక్కిన రాళ్ళను సముద్రం దాటించి ఒకదానిమీద ఒకటి పేర్చారు. అంత ఎత్తున మూర్తి నడుము కొంచెం వంచి నిలబడి ఉంటుంది. దానికి తగిన మధ్యసూత్రాన్ని, అంటే శరీరం బరువంతా దిగే నిట్టనిలువు రేఖను నిర్ణయించడానికి ముందుగా కొయ్యతో నమూనా చేయించి పరీక్షించారట. 2004 డిసెంబరు 26న సునామీ ఆ తీరాన్ని ముంచెత్తినది. విగ్రహం చెక్కుచెదరలేదు. ఆ మరుసటి ఏడు మేము రామేశ్వర యాత్ర ముగించుకొని కన్యాకుమారి వెళ్ళాము. పడవలో నా ప్రక్కన కూర్చున్న ఒక జాలరి ఆ విగ్రహం వైపు చూచి నమస్కరించాడు. దేవుడి విగ్రహం కాదు గదా అని నేను అడగబోయి మానుకున్నాను.

రెండవది మరింత దూరం. అమెరికాకు చెందిన హవాయి ద్వీపాలలో కవాయి అనే ద్వీపం ఉన్నది. అక్కడ సద్గురు శివాయ సుబ్రమునియస్వామి అనే శైవాచార్యులు ఒక మఠం స్థాపించి, ఇరైవన్ అనే పేరున శివాలయం కట్ట సంకల్పించారు. స్థపతిగా గణపతి స్థపతిగారిని వరించారు. 1990 ప్రాంతంలో బెంగుళూరు సమీపాన శిల్పుల కోసం ఒక ఊరే వెలసినది. తెల్లని నల్లసేనపు రాతిని, అనగా గ్రానైటును, యంత్రం తగలనీయకుండా ఉలి, సుత్తెలతోనే చెక్కవలెనని నియమం పెట్టుకున్నారు. పక్కన కొలిమి పెట్టి కమ్మరి మొద్దుబారిన ఉలులకు పదును పెడుతూ ఉంటే శిల్పులు చెక్కుతూ ఉండేవారు. చెక్కిన రాళ్ళు ఓడలలో సముద్రాలు దాటినవి.

పునాది సంగతి మన దాతలు తప్పక తెలుసుకోదగినది. వెయ్యేళ్ళు నిలిచే గుడికి మామూలు కాంక్రీటు పనికిరాదని వారు విచారించారు. కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. అందుచేత బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య పి. కుమార్ మెహతా గారి సలహాతో, సిమెంటు సగానికి పైగా తగ్గించి, బొగ్గు మండగా వచ్చే బూడిదను కలిపి, ఇనుపచువ్వ లేకుండా 1999లో పునాది పోశారు. పాత పద్ధతి అంటే కొత్తదానిని కళ్ళు మూసుకొని కాదనడమని అనుకొనేవారికి ఇది సమాధానం. అక్కడి గర్భాలయంలోని మూలమూర్తి మనిషి చెక్కినది కాదు, సుమారు 700 పౌండ్ల బరువున్న సహజ స్ఫటికం.

2001లో మొదటి రాళ్ళు నిలబెట్టారు. ఆ ఏడాదే సంకల్పించిన గురుదేవులు పరమపదించారు. 2009లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించిన గణపతి స్థపతిగారు 2011 సెప్టెంబరులో శివైక్యం చెందారు. వారి కుటుంబంలోని సెల్వనాథన్ స్థపతిగారు పని కొనసాగించారు. మహాకుంభాభిషేకం 2023 మార్చిలో జరిగినది. లెక్క చూస్తే ముప్పదేళ్ళు దాటినవి. తలపెట్టినవారు, గీచినవారు ఇద్దరూ ఆ కలశాల మీద నీరు పడడం చూడలేదు.

స్థపతిగారి అభిప్రాయాలన్నిటితోనూ నేను ఏకీభవించినట్లు మీరు భావించరాదు. మహాముని మయుడే సకల శిల్పశాస్త్రాలకు మూలమని, అమెరికా ఖండంలోని మాయా జాతివారి కట్టడాలలో కూడా ఆ శాస్త్రమే ఉన్నదని ఆయన ఆ దేశాలు తిరిగి చూచి వాదించారు. మయుడు పాండవులకు సభ కట్టి ఇచ్చినట్లు భారతం చెబుతుంది, అంతవరకు మనకు ప్రమాణం ఉన్నది. పేర్లు కలిసినంత మాత్రాన, మెట్లు మెట్లుగా గోపురం ఉన్నంత మాత్రాన సంబంధం సిద్ధించదు. ఆయన ప్రచురించిన మయుని గ్రంథాల ప్రాచీనతను కూడా పండితులందరూ ఒప్పుకొనలేదు. పెద్దవారి మీద గౌరవం ఒకటి, ప్రమాణం ఒకటి. ఆయన చేతిలోని కొలతకర్ర మాత్రం ఈ వాదాల మీద ఆధారపడినది కాదు.

ఇక మన గుడి సంగతి. ముప్పదేళ్ళ క్రితం జరిగిన మరమ్మతులలో గర్భాలయానికి పలకలు అతికించమని పట్టుబట్టినవాడిని నేనే. అభిషేక జలం తుడవడానికి సులువుగా ఉంటుందని అనుకున్నాను. స్తంభాలకు రంగు వేయించినప్పుడు కూడా నేను సంతోషించినవాడినే. విమానానికి సున్నం తీసివేసి సిమెంటు పూశారు. రాతిలోని చెమ్మ బయటికి పోయే దారి లేక ఉప్పు పొంగినది, పీఠం కింద అష్టబంధనం వదులైనది. ఈసారి పలకలు ఊడదీస్తూంటే కింద అర్ధచంద్రశిల బయటపడినది. అది అక్కడున్నట్లు నాకు తెలుసు, కప్పించినది నేనే గనుక. దానిని చూచి నేను ఆ పూట భోజనం చేయలేకపోయినాను.

పగిలిన పాత ద్వారబంధం స్థానంలో కొత్తది సమర్పిస్తామని మన ఊరి పెద్ద ఒకరు ముందుకు వచ్చారు. వారి తండ్రిగారి పేరు చెక్కించి, యంత్రంతో కోసి నునుపు చేయించిన నల్లరాతి ద్వారబంధం పుష్యమాసంలో లారీలో వచ్చినది. ఎంతో అందంగా ఉన్నది. మన స్థపతిగారు హస్తదండంతో కొలిచి మౌనంగా నిలబడిపోయారు. ద్వారం వెడల్పు ఎత్తులో సగం ఉండాలి. ఒకటిన్నర అంగుళం ఎక్కువ వచ్చినది. ఇరుకైతే చెక్కి వెడల్పు చేయవచ్చును గాని, పోయిన రాతిని తిరిగి అతికించలేము. అంగుళం ఎవరు చూస్తారండీ, ముహూర్తం దగ్గరపడినది గదా అని కమిటీలో కొందరన్నారు. ఆళ్ళగడ్డ నుండి వచ్చిన శిల్పులు చేతితో కొత్తది చెక్కడానికి రెండున్నర నెలలు పడుతుందన్నారు. నిర్ణయం చేయవలసినది ఆచార్యుడైన మీరే అని అందరూ నావైపు చూచారు. ముప్పదేళ్ళ కిందట ఇటువంటి సమయంలోనే నేను సరేనన్నాను.

ఆ సాయంత్రం దాతగారి ఇంటికి వెళ్ళాను. ఎనభై దాటినవారు. "స్వామీ, మా నాన్నగారి పేరు స్వామి గడప దగ్గర ఉండాలని నా కోరిక. నేను ఎన్నాళ్ళుంటానో తెలియదు. అంగుళం తేడాకు నాలుగు నెలలు ఆపుతారా?" అన్నారు. శాస్త్రం చెబితే వారికి అది తలుపు మూసినట్లు ఉంటుందని, నేను కవాయి గుడి కథ చెప్పాను. గురువుగారు పోయినది ఎప్పుడు, స్థపతిగారు పోయినది ఎప్పుడు, కుంభాభిషేకం జరిగినది ఎప్పుడు అని ఆయన రెండుసార్లు అడిగి లెక్క వేసుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కాఫీ ఇచ్చి పంపించారు. మర్నాడు తెల్లవారుజామున అభిషేకానికి గుడికి వచ్చి, ఆ పాత రాయి ఏంచేస్తారని మాత్రం అడిగారు.

కొత్త ద్వారబంధం ఫాల్గుణం చివర నిలబడినది. దాని ఖర్చు కూడా ఆయనే భరించారు. దానిమీద ఎవరి పేరూ లేదు. యంత్రం కోసిన రాళ్ళను ప్రాకారంలో బిల్వవృక్షం చుట్టూ అరుగుగా కట్టించాము. పేరున్న పక్క తూర్పుముఖంగా ఉన్నది. దర్శనానికి వచ్చిన వృద్ధులు అక్కడ కూర్చుంటున్నారు. సాయంకాలం వస్తే మీకు దాతగారు కూడా అక్కడే కనిపిస్తారు.